కడరాత్రి భోజనంలో సుషీ

ఒరేయ్ బావా,

నీ మెసేజ్ చూశాను. మీ సంఘ పెద్దలు చర్చి గోడ మీద యేసు కడరాత్రి భోజనం బొమ్మ వెయ్యమన్నారు, నీకేమో ఆ క్యాలెండర్ల మీది దొర ముఖాలే మళ్లీ దింపడం ఇష్టం లేదు, పోనీ మనవాళ్లలా వేద్దామంటే వేళాకోళం చేసినట్టుంటుందేమోనని టెన్షన్. ముందు జపాన్ ఆయన వతనాబే సదావో బొమ్మలు చూడు, గొడవ తర్వాత పడదాం.

ఈయన 1913లో టోక్యోలో పుట్టాడు. పదేళ్లకే తండ్రి పోయాడు, పక్కింటి టీచరమ్మ పిలిస్తే చర్చికి వెళ్లాడు. మొదట్లో అక్కడంతా వెన్న వాసన కొడుతున్నట్టు అనిపించిందట, మరీ దొరల వ్యవహారం అని. అయినా పదిహేడేళ్లకు బాప్తిస్మం తీసుకున్నాడు. తర్వాత సెరిజావా కెయ్‌సుకే అనే అద్దకం కళాకారుడి దగ్గర కటజొమే నేర్చుకుని, 1996లో పోయేదాకా ఆ పనితో ఎక్కువగా బైబిలు కథలే వేశాడు.

కటజొమే అంటే కిమోనో గుడ్డలకు అద్దకం వేసే పాత పద్ధతి. గట్టి కాగితంలో బొమ్మను కత్తితో కోస్తారు. దాన్ని పరిచి పైనుంచి బియ్యప్పిండీ తవుడూ కలిపి ఉడికించిన ముద్ద పూస్తారు, ముద్ద పడిన చోట రంగు ఎక్కదు. రంగులేమో సోయా పాలలో కలిపి వేసి, ఆరాక ముద్దను నీళ్లతో కడిగేస్తారు. (శ్రీకాళహస్తిలో గుడ్డను కరక్కాయలో, గేదె పాలలో తడుపుతారు కదా, అక్కడ పాల పని వేరే అనుకో, కానీ నువ్వు చూడగానే పోల్చుకుంటావు.) వతనాబే గుడ్డకు బదులు కాగితం వాడాడు, అదీ చేత్తో బాగా నలిపి మళ్లీ సాపు చేసిన కాగితం, అందుకే దగ్గరగా చూస్తే ముఖాల మీదంతా సన్న ముడతలు, రంగు ఒకచోట చిక్కగా, ఒకచోట పల్చగా. కత్తితో కోసిన అచ్చులో వెలుగునీడలకు చోటు లేదు. అంతా లావుపాటి నల్లగీతలు, పెద్ద కళ్లు, పాత బౌద్ధ అచ్చుబొమ్మల పోలిక. ఆ పోలిక పని చేసే పద్ధతిలోంచే వచ్చింది, పైనుంచి అతికించింది కాదు.

కడరాత్రి భోజనాన్ని చాలాసార్లు వేశాడు. శిష్యులు కిమోనోల్లో, బల్ల మీద సుషీ, సాకే అనే బియ్యం సారా, మధ్యలో నిండు చేప. అది తాయ్ అనే చేప, అక్కడ పెళ్లిళ్లకీ పండగలకీ వండేది. వెన్న వాసనకు ఆయన చెప్పిన జవాబు నాకు ఆ చేపలోనే కనిపిస్తుంది.

అంతకు ముందు కూడా జపాన్‌లో మరియమ్మ కిమోనో కట్టింది, కానీ ఆ కథ వేరు. 1614లో దేశమంతటా క్రైస్తవం నిషేధించారు, 1873 దాకా అంతే. నాగసాకి వైపు ఇకిత్సుకి దీవిలో దాక్కున్న విశ్వాసులు బొమ్మలు ఇంటి లోపలి గదుల్లో దాచుకుని, పాతబడితే చూసి మళ్లీ గీసుకునేవాళ్లు. అలా తరతరాలుగా గీయగా గీయగా బాప్తిస్మమిచ్చు యోహాను పిలకతో, కిమోనోతో జపాన్ పల్లెటూరివాడైపోయాడు. ఇంకొందరు చైనా నుంచి వచ్చిన తెల్ల పింగాణీ కన్నొన్ (బౌద్ధుల కరుణా దేవత) విగ్రహాన్ని, ఒళ్లో బిడ్డ ఉన్నదాన్ని, మరియగా మొక్కారు. అదంతా ప్రాణభయం మధ్య జరిగింది. వతనాబేకి ఆ భయం లేదు, ఎవరూ బలవంతపెట్టలేదు, అందుకే నాకు ఆయన ఎంపిక ఎక్కువ నచ్చుతుంది. నువ్వు ఒప్పుకోవులే.

ఈయన బొమ్మలు వైట్‌హౌస్‌లో కూడా వేలాడాయి. ఆయనకు మాత్రం మామూలు జనం కూడే చోట ఉండాలనే కోరిక. మీ పెద్దలకు ఈ ముక్క చెప్పు, పనికొస్తుంది.

పంచె కట్టించేసి అయిపోయిందనుకోకు. సగం మంది అక్కడే ఆగిపోతారు, బొమ్మ నాటకం వేషంలా తయారవుతుంది. నీ చేతికి వచ్చిన గీతలోనే వెయ్యి. స్కెచ్ అవగానే పంపు, బల్ల మీద ఏం పెట్టావో చూడాలి. గోంగూర అంటే మాత్రం ఊరుకోను, అది పస్కా భోజనం రా, పండగకి మీ అమ్మ ఏం వండుతుందో అది పెట్టు.