ఫైళ్లు వేరు, డేటాబేస్ వేరు

సంపాదకుడు గారికి,

వరదల సీజన్ రాకముందే రికార్డులన్నీ క్లౌడ్‌లో పెట్టేసుకోండి, ఇక టెన్షన్ ఉండదు అంటూ ఈ మధ్య మా భీమవరం, పాలకొల్లు వైపు రైస్ మిల్లులకీ రొయ్యల ప్లాంట్లకీ సాఫ్ట్‌వేర్ అమ్మేవాళ్లు తెగ తిరుగుతున్నారు. 1986 గోదావరి వరద, 1996 నవంబరు తుపాను చూసిన జిల్లాలకి ఆ మాట చెవికెక్కడంలో వింతేం లేదు. కానీ వీళ్లు బిల్లుల స్కాన్లనీ, లెక్కల సాఫ్ట్‌వేర్ ప్రతి ఎంట్రీనీ రాసుకునే, నడుస్తున్న డేటాబేస్‌నీ ఒకే గాటన కట్టేస్తున్నారు.

వాళ్లు అమ్మే క్లౌడ్ స్టోరేజ్ అమెజాన్ ఈఎఫ్ఎస్ కావచ్చు, మైక్రోసాఫ్ట్ వాళ్ల అజూర్ ఫైల్స్ కావచ్చు, గూగుల్ ఫైల్‌స్టోర్ కావచ్చు, పేరేదైనా ఇదంతా నెట్‌వర్క్ మీద పదిమందీ ఒకేసారి తెరుచుకోగల ఫోల్డర్. దాని డిస్కుల బాగోగులు ఆ క్లౌడ్ కంపెనీయే చూసుకుంటుంది. ఎగుమతి పత్రాలు, ల్యాబ్ రిపోర్టులు, రెండు మూడు సర్వర్ల మీద నడిచే అప్లికేషన్‌కి అన్నిట్లోనూ కావాల్సిన ఫొటోలు, పీడీఎఫ్‌లు, వీటికి బ్రహ్మాండంగా పనికొస్తుంది. నేనూ పెట్టించాను.

డేటాబేస్ అలా కాదండీ. ప్రతి ఎంట్రీ డిస్కు మీద పడిందని ఖాయమయ్యేదాకా అది ఆగాలి, అలాంటి చిన్న చిన్న రాతలు రోజంతా పడుతూనే ఉంటాయి, ఒక్కొక్కటీ నెట్‌వర్క్ దాటి వెళ్లి రావాలంటే నత్తనడకే. స్లో అయితే ఓర్చుకోవచ్చు, లాకింగ్, అంటే ఒకరు రాస్తుండగా రెండోవాళ్లని ఆపే ఏర్పాటు, సరిగ్గా పనిచేయకపోతే మాత్రం ఒకే చిట్టాలో ఒకే వరుస మీద ఇద్దరు గుమస్తాలు రాసినట్టవుతుంది. నెట్‌వర్క్ ఫోల్డర్ల మీద లాకుల్ని నమ్మొద్దని ఎస్‌క్యూలైట్ అనే చిన్న డేటాబేస్ తయారుచేసినవాళ్లే హెచ్చరిస్తున్నారు. మన మిల్లుల్లో ఇంకా చాలాచోట్ల నడిచే మైక్రోసాఫ్ట్ యాక్సెస్ డేటాబేస్ ఫైలు సంగతి మరీ ఘోరం, ఇంటర్నెట్ మీద తెరిచి రాస్తుండగా కనెక్షన్ తెగితే ఫైలే పాడవచ్చు, గాలివాన రోజు మన దగ్గర నెట్ ఎంతసేపు నిలుస్తుందో చెప్పక్కర్లేదు.

అసలు కుదరదని కాదు. ఎన్ఎఫ్ఎస్, ఎస్ఎంబీ అని నెట్‌వర్క్ ఫోల్డర్లు తెరిచే పద్ధతులున్నాయి; పెద్ద డేటాబేసుల్లో ఒరాకిల్‌కి ఎన్ఎఫ్ఎస్ కోసం సొంత ఏర్పాటుంది, మైక్రోసాఫ్ట్ ఎస్‌క్యూఎల్ సర్వర్ కూడా ఎస్ఎంబీ ఫోల్డర్ మీద ఫైళ్లు పెట్టుకోనిస్తుంది. కానీ అదంతా సర్వరూ స్టోరేజీ పక్కపక్కనే ఉన్నప్పటి మాట. సర్వర్ పాలకొల్లు ఆఫీసులో, ఫోల్డర్ ముంబైలో ఉంటే ఎలా? అమెజాన్ 2022 నవంబరులో హైదరాబాద్‌లో రీజియన్, అంటే తన డేటా సెంటర్ల కేంద్రం, తెరిచింది కాబట్టి దూరం తగ్గిందంటారు, తగ్గింది, అయినా ఆఫీసులో డిస్కంత దగ్గర కాదు కదా. పైగా అజూర్ ఫైల్స్‌ని విండోస్‌లో డ్రైవ్‌లా తెరవాలంటే 445 పోర్టు, అంటే నెట్ కనెక్షన్‌లో ఆ నంబరు దారి, తెరిచి ఉండాలి, దాన్ని చాలా ఇంటర్నెట్ కంపెనీలు మూసే ఉంచుతాయి.

ఇక మూడు చోట్ల కాపీలుంటాయి, బ్యాకప్ దండగ అని చెప్పేవాళ్లని అస్సలు నమ్మకండి. డిస్కు పోతే ఆ కాపీలు కాపాడతాయి, గుమస్తా పొరపాటున ఫోల్డర్ డిలీట్ చేస్తే మూడు చోట్లా పోతుంది. బ్యాకప్ విడిగా ఉండాలి, దాన్నుంచి తిరిగి తెచ్చి చూపించమని అడగాలి.

నన్నడిగితే ఫైళ్లు క్లౌడ్ ఫోల్డర్‌లో పెట్టుకోండి, డేటాబేస్‌ని క్లౌడ్ కంపెనీలే నడిపే డేటాబేస్ సర్వీసుకి మార్చుకోండి. మార్చడం కుదరని పాత సాఫ్ట్‌వేర్ అయితే ఆఫీసులోనే నడవనిచ్చి, రోజూ రాత్రి బ్యాకప్ ఫైలు మాత్రం పైకి పంపండి. కొత్తగా అమ్మేవాళ్లు వస్తే, ఈ రకం స్టోరేజ్ మీద మీ డేటాబేస్‌కి సపోర్ట్ ఉందని కాగితం మీద రాసిస్తారా అని సంతకానికి ముందే అడగండి.

ఇట్లు,
కంప్యూటర్ సర్వీసు చేసుకునే ఒక పాఠకుడు, పాలకొల్లు