కొత్త డ్రైవరుకు పాత కారా?

సంపాదకుల వారికి నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో కాలేజీకి వెళ్లే పిల్లలకు కొనదగ్గ కార్ల గురించి వేసిన పేజీ చదివాను. ధర, మైలేజీ, డిక్కీ ఎన్ని లీటర్లు, టచ్‌స్క్రీన్ ఎన్ని అంగుళాలు, అన్నీ పట్టికలో ఉన్నాయి. గుద్దుకుంటే లోపలివాళ్లు ఏమవుతారో చెప్పే గడి మాత్రం లేదు. చోటు చాల్లేదేమోనని సరిపెట్టుకునేవాణ్ణే. కానీ చివర్లో ఒక సలహా ఇచ్చారు. కొత్తగా నేర్చుకున్నవాళ్లు ఎలాగూ గీతలు పెడతారు కాబట్టి మొదట ఇంట్లో ఉన్న పాత కారు ఇవ్వండి, చేయి తిరిగాక కొత్తది కొనండి అని. అది చదివాక రాయకుండా ఉండలేకపోయాను.

ఈ మాట మీరొక్కరే అనడం లేదు. మా బావ కూడా ఇదే పాట. మా మేనల్లుడికి పద్దెనిమిది నిండాయి, లైసెన్సు వచ్చింది, ఘట్‌కేసర్ వైపు ఇంజినీరింగ్ కాలేజీలో చేరాడు. బావకు 2012లో కొన్న చిన్న కారు ఉంది. ఎయిర్‌బ్యాగ్ లేదు, గట్టిగా బ్రేకు వేసినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ లేదు. దాన్ని కొడుక్కి ఇచ్చేసి తను సన్‌రూఫ్ ఉన్న కొత్త ఎస్‌యూవీ తీసుకుంటాడట. బావ ఆఫీసు తార్నాకలో. మల్కాజిగిరి నుంచి అక్కడికి పొద్దున పూట బండి నలభై దాటితే గొప్ప. పిల్లవాడు మాత్రం ఉప్పల్ దాటి వరంగల్ హైవే మీద లారీల మధ్య వెళ్లాలి. స్నేహితులతో యాదగిరిగుట్టకు బయల్దేరితే ఇక చెప్పక్కర్లేదు. అంటే ఇంట్లో అందరికంటే అనుభవం ఉన్నవాడికి, నెమ్మదిగా సాగే రోడ్డుకి ఆరు ఎయిర్‌బ్యాగుల కారు. అసలు అనుభవం లేనివాడికి, వేగంగా సాగే రోడ్డుకి ఏమీ లేని కారు. ఇదేం లెక్క బావా అంటే, "గీతలు పడతాయి కదా" అంటాడు.

నేను మోటార్ ఇన్సూరెన్స్ సర్వేయరుగా పనిచేశాను. ఉప్పల్, నాచారం, బాలానగర్ వర్క్‌షాపుల్లో గుద్దుకున్న బండ్ల చుట్టూ తిరిగి నష్టం ఎంతో రాయడం నా పని. గీతల క్లెయిము నిమిషాల్లో తేలిపోతుంది. బంపరు, ఫెండరు, డెంటింగ్, పెయింటింగ్, అంతే. కార్లలో ఇంత సులువుగా బాగుపడేది ఇంకోటి లేదు. మిగతా రకం బండ్ల దగ్గరే మాట పడిపోయేది. ముందు అద్దం లోపలి నుంచి బయటికి ఉబ్బి సాలెగూడులా పగిలి ఉంటే, అక్కడ తల తగిలిందని అర్థం. గుద్దుకోగానే బెల్టును లాగి బిగించే ప్రీటెన్షనర్ ఉన్న కారైతే బెల్టు పెట్టుకున్నారో లేదో ఎవరినీ అడగక్కర్లేదు. పెట్టుకున్న బెల్టు బయటికి సాగి బిగుసుకుపోయి ఉంటుంది, పెట్టుకోనిది డోరు పక్కనున్న పిల్లర్‌కు అతుక్కుని కదలదు. ఓనరు చెప్పేది ఒకటి, బెల్టు చెప్పేది ఇంకొకటి అయిన సందర్భాలు నాకు కొత్త కాదు.

పాత కారు అన్నప్పుడు ఎంత పాతది అన్నదే అసలు ప్రశ్న. మన దేశంలో డ్రైవరు ఎయిర్‌బ్యాగ్, సీటు బెల్టు అలారం, 80 దాటితే మోగే స్పీడ్ అలర్ట్ అన్ని కార్లకూ తప్పనిసరి అయింది 2019 జులై నుంచి. ఏబీఎస్ కూడా దాదాపు అప్పుడే వచ్చింది. డ్రైవరు పక్క సీటుకు ఎయిర్‌బ్యాగ్ కొత్త మోడళ్లకు 2021 ఏప్రిల్ నుంచి, అప్పటికే అమ్ముతున్న మోడళ్లకు 2022 మొదటి నుంచి తప్పనిసరి చేశారు. అంతకు ముందు బండ్లలో ఇవి ఉంటే కొన్నవాడు పై వేరియంట్ తీసుకున్నట్టు, లేకపోతే లేనట్టు. ఆరు ఎయిర్‌బ్యాగులు 2022 అక్టోబరు నుంచి పెట్టాలన్నారు, ఏడాది వాయిదా వేశారు, ఆ తర్వాత తప్పనిసరి చేయమని వదిలేశారు. కాబట్టి అది ఇప్పటికీ కొనేవాడి ఇష్టమే.

ఎయిర్‌బ్యాగ్ ఒక్కటి ఉంటే సరిపోతుందనుకోవడం కూడా పొరపాటే. 2014లో కార్ల భద్రతను పరీక్షించి ఐదింటికి ఇన్ని స్టార్లని ఇచ్చే గ్లోబల్ ఎన్‌క్యాప్ సంస్థ మన దేశంలో అమ్మే ఐదు కార్లను గంటకు 64 కిలోమీటర్ల వేగంతో గుద్దించి చూసింది. ఆల్టో 800, నానో, ఐ10, ఫిగో, పోలో. అన్నీ ఎయిర్‌బ్యాగ్ లేని బేసిక్ మోడళ్లు, అన్నిటికీ సున్నా స్టార్లు. అయితే అందులో ఒక తేడా ఉంది, దాన్ని మాత్రం జనం పట్టించుకోలేదు. ఫిగో, పోలో బాడీలు గట్టిగా నిలబడ్డాయి. మిగతా మూడింటి బాడీలు నిలబడలేదు, వాటిలో ఎయిర్‌బ్యాగ్ పెట్టినా పెద్దగా లాభం ఉండదన్నారు. పోలోకు రెండు ఎయిర్‌బ్యాగులు పెట్టి మళ్లీ గుద్దిస్తే నాలుగు స్టార్లు వచ్చాయి. మనిషి కూర్చున్న గూడు నలగకుండా ఉంటేనే ఎయిర్‌బ్యాగ్‌కు పని చేసే చోటు దొరుకుతుంది.

స్టార్ల గురించి ఇంకో మాట. కారు పేరు చూసి స్టార్లు లెక్కపెట్టకండి, ఏ సంవత్సరం పరీక్షో చూడండి. 2018 చివర్లో నెక్సాన్‌కు ఐదు స్టార్లు వచ్చినప్పటి పద్ధతి వేరు. 2022లో గ్లోబల్ ఎన్‌క్యాప్ నియమాలు కఠినం చేసి పక్క నుంచి గుద్దే పరీక్షలు కూడా లెక్కలోకి తెచ్చింది. ఆ కొత్త పద్ధతిలో అప్పటి స్విఫ్ట్‌కు, వ్యాగన్ఆర్‌కు ఒక్కొక్క స్టారే వచ్చింది. అదే మారుతి కంపెనీ 2024లో తెచ్చిన కొత్త డిజైర్‌కు ఐదు వచ్చాయి. తలుచుకుంటే చేయగలరు, మనం అడగాలంతే. 2023 అక్టోబరు నుంచి మన సొంత భారత్ ఎన్‌క్యాప్ కూడా నడుస్తోంది. ఎదురుగా 64, పక్క నుంచి 50, స్తంభానికి పక్కవాటుగా 29 కిలోమీటర్ల వేగంతో గుద్దిస్తారు. మెట్రో పిల్లర్లు, ఫ్లైఓవర్ స్తంభాలు ఇన్ని ఉన్న ఊళ్లో ఆ మూడో పరీక్షను తేలిగ్గా తీసుకోకూడదు. ఈ పరీక్షకు కారు పంపాలా వద్దా అన్నది కంపెనీ ఇష్టం. షోరూంలో "ఇంకా టెస్ట్ చేయలేదు సార్, కానీ బాడీ చాలా హెవీ" అంటే నాకు నమ్మకం కుదరదు. డోరు వేసినప్పుడు గట్టిగా శబ్దం వస్తే బాడీ గట్టిదని కాదు. ఇంకో సంగతి, చిన్న కారు ఐదు స్టార్లు, పెద్ద కారు ఐదు స్టార్లు సమానం కావు. ఎదురుగా గుద్దే పరీక్ష దాదాపు తనంత బరువున్న బండి ఎదురైనట్టు లెక్క. అందుకే మరీ చిన్న హ్యాచ్‌బ్యాక్ కంటే ఒక మెట్టు పైది చూడమంటాను.

అలాగని పెద్ద ఇంజిన్ వద్దు. ఎనభై, తొంభై హార్స్‌పవర్ ఉంటే వరంగల్ దాకా హాయిగా వెళ్లొచ్చు. టర్బో పెట్రోల్ అని షోరూం కుర్రాడు ఎంత ఊరించినా పద్దెనిమిదేళ్లవాడికి దాని అవసరం లేదు. 2017 మేలో జూబ్లీహిల్స్‌లో తెల్లవారుజామున మెట్రో పిల్లర్‌ను గుద్దుకుని ఇద్దరు కుర్రాళ్లు పోయిన సంగతి మీ పాఠకులకు గుర్తుండే ఉంటుంది. వాళ్ల బండి మార్కెట్లో దొరికే అతి ఖరీదైన బండ్లలో ఒకటి. వేగం రెట్టింపైతే గుద్దుకునే శక్తి నాలుగింతలు అవుతుంది, ఎంత డబ్బు పోసినా ఆ లెక్క మారదు.

నన్నడిగితే ఎయిర్‌బ్యాగుల సంఖ్య కంటే ముందు అడగాల్సింది ఈఎస్‌సీ ఉందా అని. ఎలక్ట్రానిక్ స్టెబిలిటీ కంట్రోల్. కుక్క అడ్డొచ్చిందని పిల్లవాడు స్టీరింగ్ ఒక్కసారి తిప్పేస్తాడు, బండి వెనక భాగం జారుతుంది, భయపడి అటువైపు ఇంకా ఎక్కువ తిప్పేస్తాడు. కొత్తవాళ్లు కంట్రోల్ తప్పేది ఎక్కువగా అక్కడే. స్టీరింగ్ తిప్పిన దిక్కుకీ బండి పోతున్న దిక్కుకీ తేడా రాగానే ఈఎస్‌సీ ఏ చక్రానికి కావాలో ఆ చక్రానికి మాత్రమే బ్రేకు వేసి బండిని దారిలోకి తెస్తుంది. వానలో ఔటర్ రింగ్ రోడ్డు దిగే వంపుల దగ్గర దీని విలువ తెలుస్తుంది. ఎయిర్‌బ్యాగ్ పని గుద్దుకున్నాక మొదలవుతుంది, దీని పని గుద్దుకోకముందే. అమెరికాలో 2012 మోడళ్ల నుంచి ప్రతి కొత్త కారుకూ ఇది తప్పనిసరి. మన దగ్గర కొన్ని మోడళ్లలో అన్ని వేరియంట్లకూ ఇస్తున్నారు, కొన్నిటిలో పై వేరియంట్లకే. బ్రోషర్‌లో సన్‌రూఫ్ బొమ్మ పేజీ అంతా వేసి, దీన్ని చివరి పేజీలో చిన్న అక్షరాల్లో పెడతారు. ఆ పేజీయే చదవండి.

మా బావకు నేను చెప్పింది ఇదే. కొత్త కారు పిల్లవాడికివ్వు, పాతది నువ్వు నడుపు. నీకు చేయి తిరిగింది, నీ రోడ్డు నెమ్మది. గీతలు పడితే ఇన్సూరెన్స్‌లో బంపర్ టు బంపర్ తీసుకో, అంటే అరుగుదల కింద కోత పెట్టకుండా ఖర్చు ఇచ్చేది. సన్‌రూఫ్ మానేసి, ఆ డబ్బుతో ఆరు ఎయిర్‌బ్యాగులు, ఈఎస్‌సీ ఉన్న వేరియంట్ చూడు. మా చెల్లెలు వెంటనే ఒప్పుకుంది. బావ ఇంకా నలుగుతున్నాడు. కొడుకు కొత్త కారులో, తండ్రి పాత కారులో కనిపిస్తే కాలనీలో ఏమనుకుంటారోనని అసలు బాధ, పైకి మాత్రం గీతలంటాడు.

కొత్తది కొనే స్తోమత లేనివాళ్లు సెకండ్ హ్యాండ్‌లో చూడొచ్చు, తప్పు లేదు. కానీ ఆర్సీలో తయారీ నెల, సంవత్సరం చూసి 2022 తర్వాతది తీసుకుంటే మేలు. కారు ఆన్ చేయగానే ఎయిర్‌బ్యాగ్ లైటు వెలిగి, కొన్ని సెకన్లలో ఆరిపోవాలి. అసలు వెలగలేదంటే అనుమానించండి. తెరుచుకున్న బ్యాగ్ మార్చకుండా పైన కవరు మాత్రం వేసి, లైటు తీగ తీసేసి అమ్మిన బండ్లు నేను చూశాను. వరద బండ్ల సంగతి మరీ దారుణం. 2020 అక్టోబరులో మన నగరంలో, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో ఎన్ని కార్లు మునిగాయో అందరూ టీవీల్లో చూశారు. అవన్నీ తుక్కుకు పోలేదు. సీటు బెల్టును చివరిదాకా లాగి చూడండి, అడుగున మట్టి చార కనిపిస్తుంది. సీట్ల కింద పట్టాల తుప్పు, కార్పెట్ కింద వాసన చూడండి. నీళ్లు తాగిన సెన్సర్లు అవసరమైనప్పుడు పనిచేస్తాయన్న నమ్మకం లేదు.

మంచి కారు కొని, వారం తిరక్కుండా దాన్ని పాడుచేసుకునే అలవాటు కూడా ఉంది మనకి. ముందు ఇనుప గార్డు బిగిస్తారు. బంపరు నలిగి శక్తిని మింగాల్సింది పోయి ఆ దెబ్బ నేరుగా బండి చట్రానికి, అంటే ఛాసిస్‌కు వెళ్తుంది, ఎదురుగా ఉన్న మనిషికి మరీ ప్రమాదం. 2017 డిసెంబరులోనే కేంద్ర రవాణా శాఖ వీటి మీద చర్య తీసుకోమని రాష్ట్రాలకు రాసింది, షాపులు మాత్రం బాగానే నడుస్తున్నాయి. పక్క ఎయిర్‌బ్యాగ్ సీటు అంచు నుంచే బయటికి రావాలి. దాని మీద మందపాటి రెగ్జిన్ కవరు కుట్టించేస్తే అది ఎక్కడి నుంచి వస్తుంది? బెల్టు అలారం మోగకుండా పెట్టే క్లిప్పులను ఆన్‌లైన్‌లో అమ్మొద్దని 2023లో వినియోగదారుల రక్షణ అథారిటీ ఆదేశించింది. బెల్టు లేకుండా ఎయిర్‌బ్యాగ్ తెరుచుకుంటే అదే ముఖం మీద గట్టిగా కొడుతుంది, ఇది కళ్లారా చూసినవాణ్ణి. వెనక సీట్లో బెల్టు పెట్టుకోని స్నేహితుడు ముందున్నవాడి వీపు మీదికే వచ్చిపడతాడు. మొదటి కొన్ని నెలలు రాత్రిపూట కారు నిండా స్నేహితులను ఎక్కించుకోవద్దని మేనల్లుడికి చెప్పాను. "సరే మామయ్యా" అన్నాడు, ఎంత వింటాడో చూడాలి.

పద్దెనిమిది నిండకముందే తాళాలు చేతికిచ్చే తండ్రుల కోసం కూడా ఒక మాట. 2019 సవరణ చట్టం ప్రకారం తండ్రికి లేదా ఓనరుకు మూడేళ్ల వరకు జైలు, 25,000 రూపాయల జరిమానా, ఏడాది పాటు బండి రిజిస్ట్రేషన్ రద్దు, పిల్లవాడికి పాతికేళ్లు వచ్చేదాకా లైసెన్సు ఇవ్వరు. ఇన్సూరెన్స్ వాళ్లు సొంత నష్టం క్లెయిము కూడా తోసిపుచ్చుతారు, ఇది నా సర్వీసు నుంచి చెబుతున్న మాట.

కొత్త కారు వచ్చేదాకా పాతదే నడపక తప్పదంటే టైర్లయినా చూడండి. టైరు పక్కన నాలుగు అంకెలు ఉంటాయి, మొదటి రెండు వారం, చివరి రెండు సంవత్సరం. 2319 అంటే 2019లో 23వ వారంలో తయారైనది. బటన్లు అరగలేదని ఏళ్ల తరబడి వాడతారు గానీ రబ్బరు గట్టిపడితే తడి రోడ్డు మీద పట్టు ఉండదు. మొన్న బావ కారు టైర్లు చూశాను. ముందు రెండూ వేర్వేరు సంవత్సరాలవి. స్టెప్నీ మీద చివరి రెండు అంకెలు 12.

ఇట్లు
ఒక రిటైర్డ్ మోటార్ సర్వేయర్
మల్కాజిగిరి, హైదరాబాద్