పస్రా తమ్ముడికి, ములుగు సార్‌కి, హనుమకొండ మెకానిక్ అన్నకి

మొన్న ఆదివారం బండి మీద ఏటూరునాగారం పోతుంటే పస్రా దాటి అడవిలోకి వచ్చాక చైన్ లాక్ (చైన్ రెండు కొసలను కలిపే చిన్న లింకు) ఊడిపోయింది. చైన్ రోడ్డు మీద పాములా పడుంది. లాక్ మాత్రం ఎంత వెతికినా దొరకలేదు. ఫోన్‌లో సిగ్నల్ లేదు. బండికి హ్యామ్ రేడియో (లైసెన్స్‌తో హాబీగా వాడే వైర్‌లెస్ సెట్) ఉంది కాబట్టి చీకటి పడకముందే ఇల్లు చేరాను. సాయం చేసినవాళ్లు పేర్లు రాయొద్దన్నారు, రాయను.

ముందు మెకానిక్ అన్న. రేడియో బిగించిన కొత్తలో బండి స్టార్ట్ చేస్తే చాలు, హెల్మెట్‌లో టకటకమని గోల. యాక్సిలరేటర్ తిప్పితే అదే జుయ్‌మని ఒకటే మోత. దూరం నుంచి వచ్చే మాటలు అందులో మునిగిపోయేవి. నేను సెట్టే పాడైందనుకున్నా. అన్నకు రేడియో గురించి ఒక్క ముక్క తెలియదు. ఇయర్‌ఫోన్ చెవిలో పెట్టుకుని రెండుసార్లు రేజ్ చేసి, "ఇది ప్లగ్గు కొట్టే సప్పుడు తమ్మీ" అన్నాడు. రెసిస్టర్ ప్లగ్ (రేడియోలో గోల తగ్గించే స్పార్క్ ప్లగ్) వేసి, క్యాప్ మార్చి, నేను హారన్ వైరుకు తగిలించిన రేడియో కనెక్షన్ పీకేసి, ఫ్యూజ్ పెట్టి నేరుగా బ్యాటరీకి ఇచ్చాడు. మోత పోయింది. సామాన్ల డబ్బులే తీసుకున్నాడు.

ఆ మోత పోబట్టే మొన్న దారంతా, నాలాగే హ్యామ్ అయిన ములుగు సార్ మాటలు రేడియోలో వింటూ వెళ్లాను. (నడుపుతూ మాట్లాడను, ఆగినప్పుడే జవాబిస్తా.) తాడ్వాయి చేరాక పిలుస్తానని పస్రాలో చెప్పాను. అందుకే ఆయన సెట్ ఆపకుండా కూర్చున్నారు.

నా యాంటెన్నా 49 సెంటీమీటర్ల కడ్డీ, మేం మాట్లాడుకునే 145 మెగాహెర్ట్జ్ ఫ్రీక్వెన్సీకి అంతే పొడుగు. చుట్టూ చెట్లు. మొదటిసారి పిలిస్తే నా మాట ముక్కలు ముక్కలుగా వినిపించిందట. "బండిని పది అడుగులు ముందుకు తొయ్యి" అన్నారు సార్. తోశాను. అంతే, స్పష్టంగా అందింది! ఆ తర్వాత ఆయన అడిగిన ప్రశ్న నాకైతే తట్టేది కాదు: "చైన్ సైజెంత?" స్పేర్ లాక్ లేదు గానీ చైన్ మీద నంబరుంది. మసి తుడిచి చదివాను. నాలుగు, రెండు, ఎనిమిది. మూడుసార్లు చెప్పించుకున్నారు. "ఇంక మాటలు తగ్గించు. ఇంజన్ ఆగి ఉంది, ఊరికే మాట్లాడే బటన్ నొక్కితే బ్యాటరీ దిగిపోతుంది. పావుగంటకోసారి నేనే పిలుస్తా, నువ్వు ఒక్క ముక్క చెప్పు చాలు" అన్నారు. అన్నట్టే పిలిచారు. ఆ పావుగంటలే నా టెన్షన్ తగ్గించాయి.

ఆలోపు ఆయన పస్రాలో షాపు నడిపే తమ్ముడికి ఫోన్ చేశారు. తమ్ముడు షాపు వదిలేసి సరిగ్గా 428 లాక్ పట్టుకుని వచ్చాడు. లాక్ క్లిప్ మూసిన వైపు చైన్ తిరిగే దిక్కుకు ఉండాలని చూపించి మరీ బిగించాడు. నేను ఇంతకుముందు తిరగేసి పెట్టుకున్నానేమో, అందుకే ఊడిందేమో. పెట్రోల్ డబ్బులిస్తే జేబులోంచి తీసి మళ్లీ నా చేతిలోనే పెట్టాడు.

ముగ్గురికీ చేతులెత్తి దండం. సార్‌కి మన హ్యామ్ పద్ధతిలో 73 (అంటే శుభాకాంక్షలు).

తమ్ముడూ, నీ కటింగ్ ప్లేయర్ నా టూల్ కిట్‌లోకి వచ్చేసింది. వచ్చే ఆదివారం షాపు దగ్గర ఇచ్చిపోతా.