స్టీరింగ్ పట్టే తీరుకూ మార్కులుండాలి

సంపాదకులకు,

లైసెన్సు పరీక్షలో '8', 'హెచ్' ట్రాకుల మీద కారు గీత దాటిందా, ఎక్కడైనా ఆగిపోయిందా అన్నది చూస్తున్నారు. స్టీరింగ్ మీద చేతులు ఎలా ఉన్నాయో పట్టించుకుంటున్నట్టు లేదు. డ్రైవింగ్ స్కూళ్లదీ అదే వరస. మా అమ్మాయికి నేర్పిన ఆయన పాఠమంతా ఒక్కటే: "ఫుల్ కట్ కొట్టమ్మా, ఇక వదిలెయ్." వదిలేస్తే చక్రం దానంతటదే వెనక్కి తిరుగుతుంది, నిజమే. ఆ కాసేపూ బండి ఎవరి అదుపులో ఉన్నట్టు?

గడియారం లెక్కన ఎడమ చెయ్యి 9 దగ్గర, కుడి చెయ్యి 3 దగ్గర ఉండాలి. ఒకప్పుడు 10, 2 అనేవారు. ఎయిర్‌బ్యాగులు వచ్చాక చేతులు కిందికి దించమంటున్నారు. మన దేశంలో 2019 జూలై నుంచి కొత్త కార్లలో డ్రైవరు ఎయిర్‌బ్యాగ్ తప్పనిసరి. బండి గుద్దుకుంటే అది స్టీరింగ్ మధ్యలోంచి రెప్పపాటులోపే తెరుచుకుంటుంది. అప్పుడు చెయ్యి హారన్ మీదుగా అడ్డంగా ఉంటే ముంజేయి విరగొచ్చు, లేదా ఆ చెయ్యే వచ్చి ముఖానికి తగలొచ్చు. చక్రం లోపలి నుంచి చెయ్యి దూర్చి లాగే అలవాటు మనవాళ్లకు ఎక్కువ కాబట్టి ఇది చెప్పాల్సి వస్తోంది.

మలుపుల్లో ఒక చేత్తో చక్రాన్ని కిందికి లాగుతుంటే రెండో చెయ్యి వదులుగా జారుతూ కిందికి రావాలి, అక్కణ్ణుంచి అది పైకి తొయ్యాలి. చేతులు ఒకదానికొకటి అడ్డం రావు. బ్రిటన్ పోలీసు డ్రైవర్లకు దశాబ్దాలుగా నేర్పుతున్న పద్ధతి ఇది. అలాగని అక్కడి లైసెన్సు పరీక్షలో చేతులు అడ్డం పడ్డాయని ఫెయిల్ చేయరు, బండి అదుపులో ఉంటే చాలు. మన దగ్గరా ఆ మాత్రం చూడమనే అడుగుతున్నాను.

మా ఊరివాళ్లకు దీని అవసరం బాగా తెలుసు. తిరుమల నుంచి దిగే పాత ఘాట్‌లో 36 హెయిర్‌పిన్ మలుపులున్నాయి. ఒక చెయ్యి కిటికీ మీద వేసి, రెండో అరచేత్తో చక్రాన్ని తిప్పుతూ దిగేవాళ్లు ఎందరో. కొందరు డీజిల్ మిగులుతుందని ఇంజన్ ఆపేస్తారు. ఇంజన్ ఆగితే పవర్ స్టీరింగ్ సాయం పోయి చక్రం బరువెక్కుతుంది. రెండు మూడుసార్లు తొక్కేసరికి బ్రేకూ గట్టిపడుతుంది. తాళంచెవి తీశారో, స్టీరింగ్ లాక్ అయిపోవచ్చు. నిండా భక్తులున్న జీపుతో ఈ పొదుపేమిటో నాకు అర్థం కాదు.

రవాణా శాఖ లైసెన్సు పరీక్షలో స్టీరింగ్ పట్టే తీరుకు విడిగా మార్కులు పెట్టాలి. టాక్సీలు, మ్యాక్సీ క్యాబులు నడిపేవారికైతే ఘాట్ రోడ్డు మీద శిక్షణ కూడా ఇవ్వాలి. ఇది ఆలస్యమైనా, వెంటనే చేయగలిగింది ఒకటుంది. అలిపిరిలో తనిఖీకి ప్రతి బండీ ఎలాగూ ఆగుతుంది. ఒంటిచేత్తో తిప్పడానికి స్టీరింగ్ చక్రానికి బిగించుకున్న నాబ్‌లను (పిడులను) అక్కడే తీయించి, తెలుగు, తమిళం, కన్నడం, హిందీల్లో ఒక చిన్న కరపత్రం డ్రైవరు చేతిలో పెట్టవచ్చు.

ఒక పాఠకురాలు,
తిరుపతి