నా బయోడేటా మీద అడ్డగీత కొట్టిన అక్కకు

మొన్న ఒకటో తారీఖున మొదటి జీతం పడింది. ఎంతో చెప్పను గానీ, హాస్టల్ ఫీజు కట్టాక అమ్మకు పంపేంత మిగిలింది. అందుకే ఈ పోస్టు.

మాది నల్గొండ దగ్గర పల్లె. ఉస్మానియాలో ఎమ్మే సైకాలజీ అయ్యాక ఎనిమిది నెలలు అమీర్‌పేట హాస్టల్లో పడి ఉన్నా. ఊరికి పోతే "నా మనసులో ఏముందో చెప్పు చూద్దాం" అనేవాళ్లు, ఇక్కడేమో అన్నీ హెచ్‌ఆర్ ఇంటర్వ్యూలే. మధ్యలో ఒకచోట పద్దెనిమిది వేలు కట్టి నెలరోజుల కోర్సు చేశా. "ఇక మీరు క్లినికల్ సైకాలజిస్టే" అన్నారు. నేనూ నమ్మి బయోడేటాలో అలాగే రాసుకున్నా. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

నా రూమ్మేట్ అక్క స్పెషల్ ఎడ్యుకేటర్, అంటే ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు చదువు చెప్పే టీచర్. అది చూసి, పెన్ను తీసి 'క్లినికల్' మీద అడ్డంగా గీత కొట్టింది. "ఇది నీది కాదు చెల్లె. రిహాబిలిటేషన్ కౌన్సిల్ అని కేంద్ర సంస్థ ఉంది, అది గుర్తించిన కోర్సు చదివి, వాళ్ల రిజిస్టర్‌లో పేరెక్కాలె. 1992 నుంచి చట్టమే ఉంది." ఏడ్చాను. ఏడవనిచ్చి, ఎమ్మేతో ఎక్కడెక్కడ అడగొచ్చో రాత్రి పన్నెండింటి దాకా చెప్పింది. బడుల్లో కౌన్సెలర్, స్వచ్ఛంద సంస్థలు, పిల్లల సెంటర్లు. ఆదివారం పోయి తన సెంటర్ మేడమ్‌ను కూడా అడిగొచ్చింది.

మేడమ్ రెండు వారాలు నన్ను ఊరికే మూల కూర్చుని చూడమన్నారు. ఒకరోజు ఆరేళ్ల బాబు సెగ్విన్ ఫారమ్ బోర్డు ముందున్నాడు. పిల్లల తెలివితేటలు అంచనా వేసే టెస్టు అది. పది చెక్కబిళ్లలు, ఒక్కోదాన్నీ దాని గుంటలో పెట్టాలి, పక్కన స్టాప్‌వాచ్ నడుస్తోంది. నక్షత్రం బిళ్లను తిప్పి తిప్పి చూస్తుంటే నా చెయ్యి దానంతటదే ముందుకు పోయింది. మేడమ్ టేబుల్ కిందనుంచే పట్టి ఆపారు. బయటికి రాగానే వాళ్లమ్మ అడిగింది: "పాసయ్యాడా మేడమ్?" ఆ మాటకు ఏం జవాబివ్వాలో ఏ పేపర్లోనూ చదవలేదు. మేడమ్ ఆమెను కూర్చోబెట్టి, ముందు మంచినీళ్లిచ్చారు.

ఇప్పుడు అక్కడే పిల్లల వివరాలడిగి కేస్ హిస్టరీలు రాస్తున్నా. టెస్టులు మాత్రం రిజిస్ట్రేషన్ ఉన్న మేడమే చేస్తారు.

రెండు నెలలు ఫీజు అడగని వార్డెన్ ఆంటీకి, ఎంట్రన్స్ పుస్తకాలిచ్చిన సీనియర్ అన్నకు, మేడమ్‌కు దండాలు. అక్కకు చీర కొంటానంటే వద్దంది. "ఆ పద్దెనిమిది వేల సర్టిఫికెట్ ఇయ్యి, లామినేషన్ మంచిగుంది, చాయ్ గ్లాసు కింద పెట్టుకుంటా" అంది.

ఇచ్చేశా.