అవుట్‌ఫీల్డర్లు దొరుకుతారు, పిచర్లే దొరకరు

సంపాదకులకు,

గాయాలతో కుదేలైన బేస్‌బాల్ జట్టును సీజన్ మధ్యలో ఆటగాళ్ల మార్పిడి గట్టెక్కించజాలదనడం తొందరపాటే. 2021 జూలై 10న అట్లాంటా బ్రేవ్స్ ఆటగాడు అకూన్యా మోకాలి లిగమెంటు తెగింది. మార్పిళ్లకు చివరి తేదీ అయిన జూలై 30లోగా జనరల్ మేనేజర్ ఆంథోపౌలోస్ పీడర్‌సన్, డువాల్, రొసారియో, సోలేర్‌లను తెచ్చారు. రొసారియో అప్పటికి గాయంతోనే ఉన్నాడు, చవగ్గానే వచ్చాడు! జట్టు 88 విజయాలతో డివిజన్ (లీగ్‌లో తమ విభాగం), ఆపై ఛాంపియన్‌ను తేల్చే వరల్డ్ సిరీస్ గెలిచింది. డివిజన్ బలహీనంగా ఉండటమూ కలిసొచ్చిందనుకోండి.

అయితే నలుగురూ అవుట్‌ఫీల్డర్లే, అంటే మైదానం వెనుక భాగంలో ఫీల్డింగ్ చేసేవాళ్లే. బంతి విసిరే పిచర్ల సంగతి వేరు. పిచర్ మోచేతి లిగమెంటుకు శస్త్రచికిత్స జరిగితే ఏడాదికి పైగా రాడు. వంతులవారీగా మ్యాచ్ మొదలుపెట్టే ఐదుగురు పిచర్లలో (స్టార్టర్లు) ఇద్దరు తప్పుకుంటే ఆ ఇన్నింగ్స్ మధ్యలో వచ్చే పిచర్ల (రిలీవర్లు) మీద పడతాయి, సెప్టెంబరుకు వాళ్లూ అలసిపోతారు. మంచి స్టార్టర్ కావాలంటే ఎదుగుతున్న కుర్రాళ్లను వదులుకోవాలి. గడువు దాటాక కూడా ఆగస్టులో వీలయ్యే వేవర్ మార్పిళ్లూ 2019 నుంచి రద్దయ్యాయి.

– ఒక పాఠకుడు, అట్లాంటా