నాలుగు రాళ్ల నుంచి పుట్టిన ఇంటిపేరు

సంపాదకులకు నమస్కారం.

ఇంటిపేర్లపై మీ పత్రికలో వచ్చిన వ్యాసం చదివాను. ఊరిని బట్టి ఇంటిపేరు ఏర్పడడం తెలుగువారికే ప్రత్యేకమన్నట్లు అందులో రాశారు గానీ, అది సరికాదు. ఇంగ్లండ్‌లో ఫెదర్‌స్టన్‌హా అనే అరుదైన ఇంటిపేరు ఉంది. అది ఉత్తరాన నార్తంబర్లాండ్‌లో, హాల్ట్‌విజిల్ పట్టణానికి దగ్గరగా, సౌత్ టైన్ నది ఒడ్డున ఉన్న ఫెదర్‌స్టన్ అనే చోటి నుంచి వచ్చింది. పక్షి ఈకకూ దీనికీ సంబంధం లేదు. పాత ఇంగ్లీషులో మొదటి ముక్కకు నాలుగు అనీ, రెండోదానికి రాయి అనీ, చివరిదానికి నది వంపులోని నేల అనీ అర్థం. ఇంత పొడుగు పేరును కొందరు 'ఫాన్‌షా' అని పలికి తేల్చేయడం మరీ విడ్డూరం. ఈ పేరును ఇంగ్లీషులో కాస్త వేరే స్పెల్లింగుతో రాసుకునే మాథ్యూ ఫెదర్‌స్టన్‌హా 1747లో దక్షిణాన ససెక్స్‌లోని అప్‌పార్క్ భవనాన్ని కొనడంతో, ఉత్తరాది ఊరిపేరు అక్కడికీ చేరింది.

మా ఇంటిపేరు మంగళగిరి. మూడు తరాలుగా గుంటూరులోనే ఉంటున్నా, మా అబ్బాయి దరఖాస్తు చూసిన గుమాస్తా, పుట్టిన ఊరిని ఇంటిపేరు గడిలో ఎందుకు రాశావని అడిగాడట.

ఇట్లు,
ఒక పాఠకుడు,
బ్రాడీపేట, గుంటూరు.